తెర వెనుక రెండో వయొలిన్

ఇరవై ఆరేళ్ళు పక్కపక్కన కూర్చుని వాయించినవాళ్ళకు, కళ్ళకు గంతలు కట్టినా సరే, తమవాడి వయొలిన్ ఏదో పరాయివాడి వయొలిన్ ఏదో మొదటి స్వరంలోనే తెలిసిపోతుందని సంగీతంతో బతికేవాళ్ళందరూ నమ్ముతారు. బిడ్డ ఏడుపును తల్లి గుర్తుపట్టినట్టు అని ఒక ఉపమానం కూడా చెబుతారు. ఉపమానం ఎంత అందంగా ఉంటే నమ్మకాన్ని పరీక్షించే అవసరం అంత తక్కువగా కనిపిస్తుంది. సాన్ ఎలియాస్ విశ్వవిద్యాలయపు ఆస్థాన చతుష్టయంలో, అంటే నలుగురు కలిసి వాయించే తీగవాద్య బృందంలో, జూలై పదకొండో తేదీ వరకు ఆ అవసరం ఎవరికీ కనిపించలేదు.

డీన్ పంపిన ఉత్తరాన్ని తెలెస్ఫోరో గుల్మాటికో మూడోసారి చదివి, మడిచి, వయొలిన్ పెట్టెలో దాచుకున్న దగ్గర కిందటి వారం మనం ఆగాము. ఆయన వయసు అరవై మూడు. చతుష్టయంలో రెండో వయొలిన్ ఆయనదే. ఉత్తరంలో రెండు ఫిర్యాదులు ఉన్నాయి: పై స్థాయి స్వరాలు వెంట్రుకవాసి దిగుతున్నాయని, స్వరం నుంచి స్వరానికి జారే పాతకాలపు అలవాటు ఈనాటి శ్రోతలకు ఎబ్బెట్టుగా ఉన్నదని. అరవై దాటిన ఆస్థాన కళాకారులు గౌరవంగా పదవీ విరమణ చేయవచ్చు. లేదా తమ స్థానానికి తెర వెనుక జరిగే పోటీలో మిగతా అభ్యర్థులతో పాటు కూర్చోవచ్చు. తెలెస్ఫోరో రెండోదే ఎంచుకున్నాడు. మిగిలిన ముగ్గురు సభ్యులే న్యాయనిర్ణేతలుగా ఉండాలని చతుష్టయపు నియమావళిలో ఉన్నందువల్ల ఆయన నెగ్గడం ఖాయమనే అందరికీ తోచింది, అది ఎంపిక అని కూడా ఎవరూ అనుకోలేదు.

పోటీ రోజు ఉదయం ఏడు గంటలకు ఆ ముగ్గురూ విశ్వవిద్యాలయపు క్యాంటీన్‌లో బాచోయ్ గిన్నెల ముందు కూర్చుని ఉన్నారు. మొదటి వయొలిన్ వాయించే రోసెండో సూప్ లోంచి నూడుల్స్ పైకి తీస్తున్నాడే గానీ తినడం లేదు. చెల్లో వాయించే హిలారియో తన గిన్నె ముగించి అతని గిన్నె వైపు చూస్తున్నాడు. వియోలా వాయించే డెల్ఫీనా వానను చూస్తోంది. మూడు రోజులుగా గాలిలో తేమ పెరిగిపోయి ఆమె వియోలా వెనుక పలక అంచు దగ్గర జిగురు వదిలింది.

"ఏంటిది, ముగ్గురు జడ్జీలూ ఒకే బల్ల మీద తింటున్నారు? తీర్పు కూడా ఒకటే వస్తుందా?"

తెలెస్ఫోరో గొడుగు దులుపుతూ వచ్చి నాలుగో కుర్చీ లాక్కున్నాడు. ఆ కుర్చీని ఆయన కోసం ఎవరూ అట్టే పెట్టలేదు. అది ఖాళీగా ఉండడం వాళ్ళకు అలవాటు, అంతే.

"మానొంగ్, నువ్వివాళ మాతో కూర్చోకూడదు," అన్నాడు రోసెండో గొంతు తగ్గించి. ఆ ఊళ్ళో అన్న వరస అయినవాళ్ళందరూ మానొంగ్‌లే. "అభ్యర్థులతో మాట్లాడబోమని కాగితం మీద సంతకం పెట్టాం."

"కాఫీ తాగకూడదని ఆ కాగితంలో ఉందా? ఉంటే చూపించు."

"తాగనియ్యవయ్యా," అన్నాడు హిలారియో. "ఇప్పుడు మాట్లాడకపోతే మాత్రం దాగుతుందా? మానొంగ్ ఎత్తుగడ ముందు ముక్కుతో గాలి పీల్చాడంటే చిట్టచివరి వరసలో కునుకు తీసే చర్చి సిస్టర్ కూడా ఉలిక్కిపడి లేస్తుంది. తెర కడితే ఏంటి, గోడ కడితే ఏంటి."

తెలెస్ఫోరో నవ్వలేదు. పాన్ దె సాల్ రొట్టెను రెండుగా తుంచి ఒక ముక్క డెల్ఫీనా ముందు పెట్టాడు.

"మీరు నన్ను గుర్తుపట్టి మార్కులేస్తే ఆ కుర్చీ నాకొద్దు."

"గుర్తుపట్టకుండా ఎట్లా ఉంటాం? చెవులు కోసుకోవాలా?" అంది డెల్ఫీనా.

"అంత పని అక్కర్లేదు ఇండాయ్. ఆ సంగతి నేను చూసుకుంటాలే."

ఆమెకు యాభై ఒకటి వచ్చినా ఆయన ఇప్పటికీ చిన్నపిల్లలను పిలిచే ఆ పిలుపుతోనే పిలుస్తాడు. ఆయన కాఫీ తాగి వెళ్ళిపోయాక కూడా ముగ్గురూ గిన్నెల ముందే కూర్చున్నారు. వాళ్ళ మధ్య ఒప్పందం ఏదీ కుదరలేదు. కుదరవలసిన అవసరం లేదని ముగ్గురూ విడివిడిగా అనుకోవడమే ఆ ఉదయం జరిగిన ఒప్పందం.

చిన్న సభామందిరంలో ఫ్యాన్లు ఆపేశారు. వేదికకు అడ్డంగా కట్టిన తెర నాటక విభాగం నుంచి తెచ్చింది. దాని మీద ఎప్పటిదో సంగీత నాటకం కోసం వేసిన తోట బొమ్మ ఉంది, గులాబీల ఎరుపు వెలిసి ఇటుక రంగుకు దిగింది. అడుగుల చప్పుడును బట్టి ఆడా మగా తెలియకుండా వేదిక నిండా అబకా నార చాపలు పరిచి, అభ్యర్థులను చెప్పులు లేకుండా నడవమన్నారు. రిజిస్ట్రార్ కార్యాలయపు గుమాస్తా మిస్ ఫె ఒక బిస్కెట్ల డబ్బాలో ఐదు చీటీలు వేసి, ఎవరి అంకె వాళ్ళ చేత తీయించింది. ఏ అంకె ఎవరిదో ఆమెకు తప్ప మరెవరికీ తెలియదు. ఒక్కొక్క న్యాయనిర్ణేత ఇరవై మార్కుల వరకు వేయవచ్చు. ఎక్కువ మార్కులు వచ్చిన ముగ్గురు మధ్యాహ్నం చతుష్టయంతో కలిసి వాయిస్తారు. మిగిలిన ఇద్దరు ఇళ్ళకు వెళతారు.

అందరికీ ఇచ్చిన పని ఒకటే: చతుష్టయం కోసం రాసిన ఒక పాత వియన్నా కృతిలోని నెమ్మదైన భాగం నుంచి పదహారు వరుసలు, రెండో వయొలిన్ వంతు మాత్రం, ఒంటరిగా. ఇది కథ చెప్పేవాడిని తీసేసి ఊఁ కొట్టేవాడిని మాత్రమే వినడం వంటిది. ఊఁ ఎక్కడ పడాలో తెలిసినవాడికి అవతల కథ ఉన్నట్టే ఉంటుంది. తెలియనివాడు వట్టి ఊఁలు కొడతాడు.

ఒకటో అంకె అభ్యర్థి వాయిద్యం మొదటి రెండు వరుసల్లో తడబడి, తర్వాత కుదుటపడింది. ముగ్గురూ న్యాయంగా మార్కులు వేశారు.

రెండో అంకె. గంట మోగింది. తెర వెనుక ఎవరో ముక్కుతో గట్టిగా గాలి పీల్చారు.

బల్ల కింద హిలారియో పాదం డెల్ఫీనా పాదాన్ని తాకింది. రోసెండో కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఇక చూడవలసింది ఏమీ లేనట్టు. నాలుగో వరుస చివర పై స్వరం నుంచి కింది స్వరానికి జారు వచ్చింది, తొందర లేకుండా, మెట్ల కమ్మీ మీద చేయి ఆన్చి దిగినట్టు. డెల్ఫీనా కలం అందుకుంది. ఇరవై ఆరేళ్ళుగా ఆ జారు ఆమె ఎడమ చెవికి రెండు మూరల దూరంలో జరుగుతోంది. ఆమె కాగితం మీద పందొమ్మిది వేసింది. ఇరవై వేస్తే అనుమానం వస్తుందని ఒకటి తగ్గించింది. కింద వ్యాఖ్య: "పరిణతి. ఈ స్థానానికి తగినవారు."

మూడో అంకె అభ్యర్థి ఒక వరుస మరిచిపోయి మళ్ళీ మొదలుపెట్టాడు.

నాలుగో అంకెకు గాలి పీల్చిన చప్పుడు లేదు. గంట మోగిన తర్వాత కొంత నిశ్శబ్దం, ఆ నిశ్శబ్దం లోంచి స్వరం. ఎక్కడా జారు లేదు. ప్రతి స్వరం విడిగా, కడిగి ఆరబెట్టినట్టు శుభ్రంగా ఉంది. డెల్ఫీనా నిటారుగా కూర్చుంది. మనీలాలో చదువుకున్న కుర్రవాడు అయి ఉంటాడు అనుకుంది. డీన్ ఉత్తరంలో కోరినది అచ్చంగా ఇటువంటి వాయిద్యమే. ఎనిమిదో వరుసలో ఆ అభ్యర్థి ఒక క్షణం ఆగాడు. కాగితం మీద అక్కడ విరామం లేదు. మొదటి వయొలిన్ మలుపు తీసుకునే చోటు అది. రోసెండో ఎప్పుడూ అక్కడ రవ్వంత ఆలస్యం చేస్తాడు. పన్నెండో వరుసలో చెల్లో కిందికి దిగే చోట ఆ వయొలిన్ తన గొంతు తానే తగ్గించుకుంది. అక్కడ లేని ముగ్గురికి అది చోటు ఇస్తోంది.

సాక్ష్యం ఆమె ముందుకు వచ్చి నిలబడింది. తీర్పు ముందే ఇచ్చేసినవాళ్ళకు సాక్ష్యం అడ్డుగానే కనబడుతుంది. ఈ ఒక్కడే మానొంగ్‌కు పోటీ అని డెల్ఫీనా భయపడింది. మధ్యాహ్నం కలిసి వాయించే విడతకు వీడు వస్తే మానొంగ్ నిలవడు. ఆమె ఆరు మార్కులు వేసింది. కింద వ్యాఖ్య: "తప్పులు లేవు. ఇతరులను వినే అలవాటు లేదు. నలుగురితో కూర్చుని వాయించిన మనిషి కాదు." తాను రాసింది అబద్ధమని ఆమెకు తెలుసు. ఎవరి కోసం రాసిందో కూడా తెలుసు.

ఐదో అంకె అభ్యర్థి బిగ్గరగా వాయించాడు. అంతకు మించి చెప్పవలసింది లేదు.

పదకొండున్నరకు డీన్ మొన్సెరాత్ యుసే వచ్చింది. మొక్కలకు వచ్చే తెగుళ్ళను నలభై ఏళ్ళు పరిశోధించిన మనిషి. సంగీతం గురించి తనకు ఏమీ తెలియదని ఆమే చెబుతుంది. మార్కుల పత్రాలు మూడూ పక్కపక్కన పెట్టి చూసింది.

"రెండో అంకెకి ఇరవై, పందొమ్మిది, ఇరవై. మన విశ్వవిద్యాలయ సెనేట్‌లో ముగ్గురు ఒక మాట మీదికి రావడం నేనెప్పుడూ చూళ్ళేదు."

"బాగా వాయించినవాళ్ళకి బాగా వేశాం," అన్నాడు రోసెండో.

"నాలుగో అంకెకి ఎనిమిది, ఆరు, ఏడు. ఇక్కడా ఒకే మాట." ఆమె తల ఎత్తింది. "ఒకటి అడుగుతాను, సూటిగా చెప్పండి. రెండో అంకె ఎవరో మీకు తెలుసా?"

వాన కొంచెం హెచ్చింది. రోసెండో కళ్ళద్దాల కోసం తడుముకున్నాడు.

"తెలుసు," అంది డెల్ఫీనా.

"మీకు?"

"మేడమ్, మీ ఇంట్లోవాళ్ళు పక్కగదిలో దగ్గితే మీకు తెలియదా?" అన్నాడు హిలారియో.

"తెలుస్తుందనే అనుకుంటున్నాను. ఎప్పుడూ తెర కట్టి దగ్గించి చూడలేదు."

హిలారియో నవ్వబోయి మానుకున్నాడు.

"మేము తప్పు చేయలేదు," అన్నాడు రోసెండో. "ఎవరితోనూ మాట్లాడలేదు. చెవుల్లో పడింది, తెలిసింది. ఇరవై ఆరేళ్ళు మేడమ్. తెలియకపోతే మేము మనుషులం కాదు."

డీన్ యుసే ఒక తెల్లకాగితం ముందుకు తోసింది.

"అయితే రాసివ్వండి. రెండో అంకె తెలెస్ఫోరో గుల్మాటికో అని, విని గుర్తుపట్టామని. ముగ్గురూ సంతకాలు పెట్టండి."

"మమ్మల్ని ఇరికించడానికా?"

"మీరు చెప్పింది నిజమైతే ఈ తెర పనిచేయదన్నమాట. పనిచేయని పరీక్షతో ఒక మనిషి బతుకు తేల్చడం తప్పు. ఈ పోటీ రద్దు చేసి, ఆయనని మరో మూడేళ్ళు అక్కడే ఉంచమని సెనేట్‌కి నేనే రాస్తాను. ఆ కాగితం మీద మొదటి వాక్యం, నేను పొరబడ్డానని ఉంటుంది."

"అబద్ధమైతే?" అని అడిగింది డెల్ఫీనా. అడగవలసిన మాట కాబట్టి అడిగింది. జవాబు మీద ఆమెకు ఆసక్తి లేదు.

"మార్కులు మార్కులే."

రోసెండో రాశాడు. అతని అక్షరాలు గుండ్రంగా, పండుగ ఆహ్వానపత్రం మీది అక్షరాల్లా ఉన్నాయి. హిలారియో సంతకం కింద గీత గీశాడు. డెల్ఫీనా తేలిగ్గా సంతకం పెట్టింది. మధ్యాహ్నం భోజనానికి మానొంగ్‌ను ఎక్కడికి తీసుకువెళ్ళాలా అని కూడా ఆలోచించింది.

"మిస్ ఫె, డబ్బా తెరవండి," అంది డీన్.

మిస్ ఫె చీటీలు తీసి దరఖాస్తుల పక్కన పేర్చింది. పేర్చి, పేరును మరోసారి సరిచూసుకుంది.

"చదవండి."

"రెండో అంకె." ఆమె గొంతు సవరించుకుంది. "ఎవాంజెలీన్ తాబ్లాంటే. వయసు ఇరవై ఎనిమిది. ఊరు బాకోలోద్."

వేరే భాషలో ఏదో చదివినట్టు రోసెండో ఆమె వంక చూశాడు.

"మళ్ళీ చూడండి," అన్నాడు. "చీటీలు కలిసిపోయుంటాయి."

"కలవలేదు సార్. వాళ్ళ చేతే సంతకాలు పెట్టించాను." ఆమె దరఖాస్తును కొంచెం దగ్గరికి తెచ్చుకుంది. "గురువు పేరు అని ఉన్నచోట రాసింది కూడా చదవమంటారా?"

"చదవండి," అంది డీన్.

"తెలెస్ఫోరో గుల్మాటికో. తొమ్మిదేళ్ళు, ప్రతి శనివారం."

శిష్యులు గురువుల నుంచి విద్యతో పాటు దగ్గునూ తుమ్మునూ కూడా నేర్చుకుంటారన్నది ఆ గదిలో అందరికంటే ఎక్కువ తెలిసినవాళ్ళు ఆ ముగ్గురే. ముగ్గురూ ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పినవాళ్ళే.

"మానొంగ్ ఏ అంకె?" డెల్ఫీనా అడిగింది.

మిస్ ఫె ఆమె వైపు చూడకుండా చెప్పింది. "నాలుగు."

తెర మీది తోట బొమ్మ వెనుక ఎవరో చాపలు సర్దుతున్నారు.

"కాదు," అన్నాడు రోసెండో. "నాలుగులో జారు లేదు. గాలి పీల్చడం లేదు. ఆయన అట్లా వాయించడు."

"లోపలికి వెళ్ళే ముందు సార్ నాతో అన్నారు," అంది మిస్ ఫె. చెప్పాలా వద్దా అని తేల్చుకోలేక కాగితాల అంచులు సమం చేస్తోంది. "మూడు వారాలుగా ముక్కుకి బట్టల క్లిప్పు పెట్టుకుని సాధన చేస్తున్నారట. 'ఇవాళ నన్ను కనిపెట్టలేరు, కాబట్టి వింటారు' అన్నారు."

డెల్ఫీనా లేచి నిలబడింది. కుర్చీ వెనక్కి పడింది.

"నా కాగితం ఇటివ్వండి."

"సంతకం అయిపోయింది," అంది డీన్.

"నేను రాసింది నిజం కాదు. నాలుగు అందరికంటే బాగా వాయించింది. నాకు తెలుసు. వింటున్నప్పుడే తెలుసు."

"తెలిసి ఆరు వేశారా?"

డెల్ఫీనా వంగి, పడిపోయిన కుర్చీని నిలబెట్టింది.

"రెండో అంకె మీవాడేనని ఇందాక సంతకం పెట్టారు. ఇప్పుడు నాలుగో అంకె బాగా వాయించిందని పెడతానంటున్నారు. ఆయన పేరు వినకముందు ఈ మాట చెప్పి ఉంటే తీసుకునేదాన్ని. ఇప్పుడు దీన్ని ఏ మాటగా తీసుకోను, చెప్పండి?" డీన్ యుసే గొంతులో కోపం లేదు. ఉంటే డెల్ఫీనాకు సులువుగా ఉండేది. "మీరెవరైనా సరే, సమాధానం ఉంటే చెప్పండి. వింటాను."

హిలారియో రెండు చేతులూ బల్ల మీద వెల్లకిలా పెట్టుకుని వాటినే చూస్తున్నాడు. చెల్లో తీగెల రాపిడికి వేళ్ళ కొనల మీద కాసిన కాయలు తెల్లగా కనబడుతున్నాయి.

"ఏడు వేశాను నేను," అన్నాడు. "మానొంగ్‌కి పోటీ వస్తాడని."

"నేనూ అందుకే," అన్నాడు రోసెండో. ఆ మాట ఎవరికీ చెప్పినట్టు లేదు.

డీన్ కాగితాలు నాలుగూ ఒక కవరులో పెట్టి మిస్ ఫెకి ఇచ్చింది. ఫలితం ప్రధాన న్యాయనిర్ణేతే అభ్యర్థులకు చదివి వినిపించాలన్న నియమం ఉన్నది. మొదటి వయొలిన్‌గా ఆ బాధ్యత రోసెండోది, అతను లేచి కోటు గుండీలు పెట్టుకున్నాడు. తలుపు దాకా వెళ్ళి, పిడి మీద చేయి వేసి, అక్కడే నిలబడ్డాడు. ఆవలి గదిలో నవ్వు వినిపించింది. తెలెస్ఫోరో గొంతు. ఎవరికో చెబుతున్నాడు, ఎనిమిదో వరుసలో ఎక్కడ ఆగాలో.

"నువ్వెళ్ళు డెల్ఫీనా," అన్నాడు రోసెండో.

"నీ పనే అది."

అతను తలుపు తెరిచాడు.

ఆ పూట జరిగినది మిస్ ఫె నమోదు పుస్తకంలో ఈ విధంగా ఉంది.

"ఒకటో అంకె, 38 మార్కులు, ఎంపిక. రెండో అంకె, 59 మార్కులు, ఎంపిక. మూడో అంకె, 31 మార్కులు, ఎంపిక. ఐదో అంకె, 29 మార్కులు, ఎంపిక కాలేదు. నాలుగో అంకె, తెలెస్ఫోరో గుల్మాటికో, 21 మార్కులు, ఐదో స్థానం, ఎంపిక కాలేదు. ఫలితం 11.55కు చదివి వినిపించడమైనది. అభ్యర్థులెవరూ అభ్యంతరం తెలుపలేదు. అభ్యర్థులకున్న హక్కు ప్రకారం నాలుగో అంకె అభ్యర్థి తన మూడు మార్కుల పత్రాలను, వ్యాఖ్యలతో సహా చూడగోరి 12.05కు రాతపూర్వకంగా అడిగారు. పత్రాలు 12.10కి ఆయన చేతికి ఇవ్వడమైనది."